బోర్డు ఒకటి అంటుంది, గైడ్ ఇంకోటి అంటాడు: ఓరుగల్లు చరిత్రలో ఏ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

2021 జులైలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. విప్పదీసి ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2024 మార్చిలో మళ్లీ తెరిచారు. అదే ఏడాది రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణం ఉండాలా, మార్చాలా అని పెద్ద రచ్చే అయింది. ఈ మూడింటి పుణ్యమా అని వరంగల్, హనుమకొండ పేర్లు మళ్లీ అందరి నోళ్లలో నానుతున్నాయి. ఆదివారం పొద్దున్నే పదిమందిని వెంటేసుకుని కోట చుట్టూ తిప్పే హెరిటేజ్ వాక్‌లు మొదలయ్యాయి. పెద్దగా ఎవరూ తొంగిచూడని జిల్లా మ్యూజియంలకు కూడా పిల్లల్ని తీసుకెళ్తున్నారు.

ఇక అక్కడి నుంచి గందరగోళం. ఖుష్ మహల్ షితాబ్ ఖాన్ కట్టించాడని ఒకరంటారు, తుగ్లక్‌ల కాలం నాటిదని ఇంకొకరు. రామప్ప శిల్పి పేరని గైడ్ చెప్తాడు, శాసనంలో ఆ పేరే లేదని పక్కనున్నాయన గొణుగుతాడు. వేయిస్తంభాల గుడి నుంచి కోటదాకా సొరంగం ఉందని ఆటో అన్న బల్లగుద్ది చెప్తాడు. వీళ్లలో అబద్ధాలకోరు ఎవరూ లేరు. ఒక్కొక్కరి మాట వెనకున్న ఆధారం ఒక్కో రకానిది, చిక్కంతా అక్కడే ఉంది.

మ్యూజియం అంటే ఒకటే రకం కాదు

తెలంగాణలో మ్యూజియం అన్న బోర్డు కింద కనీసం మూడు వేర్వేరు వస్తువులున్నాయి. మొదటిది సైట్ మ్యూజియం. ఒక చోట దొరికిన శిల్పాలను, శాసనాలను ఆ చోటే లేదా పక్కనే పెట్టి చూపేది. కొలనుపాక సోమేశ్వరాలయం దగ్గరున్నది అలాంటిదే. వరంగల్ కోటలో ఖుష్ మహల్ లోపల వరుసగా నిలబెట్టిన విగ్రహాలూ ఈ కోవలోకే వస్తాయి. రెండోది జిల్లా పురావస్తు మ్యూజియం. కరీంనగర్‌లో ఉన్నదీ, నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లో ఉన్నదీ ఈ రకం. వీటిలోకి ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో తెచ్చిన వస్తువులు చేరతాయి. మూడోది స్మృతి మ్యూజియం. ఆసిఫాబాద్ అడవుల్లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం పేర కట్టింది, మేడారంలో గిరిజన మ్యూజియం ఇలాంటివి. ఇక్కడ వస్తువు ఎంత పాతదన్న ప్రశ్న కంటే, ఎవరి కథ ఎవరు చెప్తున్నారన్న ప్రశ్న పెద్దది.

హెరిటేజ్ వాక్ ఈ మూడింటికీ భిన్నం. అందులో వస్తువు తన చోట తానుంటుంది, మనమే దాని దగ్గరికి నడిచిపోతాం. చోటు కళ్లముందుంటుంది. తేదీ మాత్రం గైడ్ నోట్లోంచి రావాలి. మ్యూజియంలో దీనికి సరిగ్గా ఉల్టా. తేదీ అట్టముక్క మీద ఉంటుంది, ఆ రాయి ఏ చెరువుగట్టు మీద, ఏ గుడి వాకిట్లో నిలబడి ఉండేదో మనం ఊహించుకోవాలి. ఆ రెండో కొరతను మనవాళ్లు తక్కువగా పట్టించుకుంటారని నా అభిప్రాయం.

శక సంవత్సరం నుంచి మన కేలండర్‌కు: చేత్తో చేసుకోగల లెక్క

చరిత్రలో గట్టి నేల శాసనం. శాసనమంటే రాతిమీదో రాగిరేకు మీదో చెక్కిన ప్రకటన. గుడికి భూమి ఇచ్చామనో, చెరువు తవ్వించామనో, పన్ను తీసేశామనో ఉంటుంది. చాలావాటిలో తేదీ శక సంవత్సరంలో వేస్తారు. ఉగాదితో మొదలయ్యే శక సంవత్సరానికి 78 కలిపితే మన కేలండర్ సంవత్సరం వస్తుంది. శాసనం పుష్య బహుళంలోనో, మాఘ ఫాల్గుణాల్లోనో పడితే అప్పటికి జనవరి దాటిపోతుంది కాబట్టి 79 కలపాలి.

వేయిస్తంభాల గుడి శాసనం తీసుకుందాం. శక 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి. మాఘం కాబట్టి 79 కలిపితే 1163. పండితులు కట్టిన తేదీ 1163 జనవరి 19, శనివారం. ఈ లెక్క సరైనదో కాదో చూసుకోవడానికి ఇంకో దారి ఉంది. అరవై సంవత్సరాల పేర్లు మనకు పంచాంగంలో ఇప్పటికీ నడుస్తున్నాయి కదా. మొన్నటి చిత్రభాను 2002 ఉగాదికి మొదలైంది. అందులోంచి 840, అంటే పద్నాలుగు అరవైలు, తీసేస్తే 1162. ఆ ఉగాదికి మొదలైన సంవత్సరంలో మాఘమాసం వచ్చేది 1163లోనే. రెండు దారులూ ఒకే చోట కలిశాయి.

రామప్ప శాసనం శక 1135, శ్రీముఖ సంవత్సరం, చైత్రమాసం. చైత్రం కాబట్టి 78 చాలు, 1213. మొన్నటి శ్రీముఖ 1993, అందులోంచి పదమూడు అరవైలు తీస్తే మళ్లీ 1213. శాసనం మీద తేదీ ఉన్న కట్టడానికీ, లేని కట్టడానికీ ఉన్న తేడా ఇక్కడ తెలిసొస్తుంది. మొదటిదాని గురించి వాదన వస్తే కాగితం మీద తేల్చుకోవచ్చు. రెండోదానికి రాతి పనితనం, కమాను వంపు చూసి ఈ శతాబ్దమో ఆ శతాబ్దమో అనుకోవాలి. బోర్డు మీద '12-13 శతాబ్దాలు' అని రాసి ఉంటే అది అలాంటి అంచనా. తప్పని కాదు, కానీ 1163తో సమానమైన మాట కాదు.

రామప్ప: శాసనం చెప్పింది, జనం చెప్పింది

పాలంపేటలోని రామప్ప గుడి గురించి అందరూ మొదట చెప్పేది, దేశంలో శిల్పి పేరుతో పిలిచే గుడి ఇదొక్కటేనని. గుడి ఆవరణలో చిన్న మండపం కింద నాలుగు పలకల నల్లరాతి స్తంభం ఉంది, దాని మీదే శాసనం. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని, దేవుడు రుద్రేశ్వరుడని అందులో ఉంది. రామప్ప అనే శిల్పి మాట అందులో లేదు. యునెస్కో పట్టికలోకి కూడా 'కాకతీయ రుద్రేశ్వర ఆలయం' అన్న పేరే ముందు ఎక్కింది, రామప్ప పక్కన చేరింది.

మరి రామప్ప ఎవరు? శిల్పే అనేవాళ్ల వాదన ఇది: కట్టించినవాళ్ల పేర్లు శాసనాలకెక్కుతాయి, చెమటోడ్చినవాళ్ల పేర్లు జనం నోళ్లలో మిగులుతాయి, ఇంత గట్టిగా నిలిచిన పేరుకు ఏదో మూలం ఉండే ఉంటుంది. కాదనేవాళ్లు లింగం పేరు రామలింగేశ్వరుడు కావడం వల్ల రామప్ప అయిందంటారు. పక్కనున్న చెరువుకూ ఆ పేరే ఉంది, పేరు ఎటు నుంచి ఎటు పాకిందో చెప్పలేమని గుర్తుచేస్తారు. మొదటి వాదనకు లిఖిత ఆధారం లేదు, రెండోదానికి అటూ ఇటూ తేల్చే ఆధారం లేదు. 'శిల్పి పేరని చెప్పుకుంటారు' అనే గైడ్ నిజమే చెప్పినట్టు. 'శాసనంలో ఉంది' అంటే మాత్రం ఆ శాసనం పక్కనే ఉంది, పోయి అడగొచ్చు.

నీళ్లలో తేలే ఇటుకల సంగతి వేరు. శిఖరానికి వాడిన ఇటుకల్లో సన్నటి రంధ్రాలు నిండి ఉంటాయి, బరువు నీటికంటే తక్కువ, కాబట్టి తేలతాయి. ఇది కథ కాదు, తూచి చూసిన విషయం. పునాది గుంతను ఇసుకతో నింపి దాని మీద గుడి లేపారన్నదీ అంతే. ఒకే గైడ్ ఒకే ఊపులో ఈ మూడూ చెప్తాడు. వినేవాళ్లకు మూడూ ఒకే బరువుతో చెవిలో పడతాయి, గొడవకు మూలం అదే.

ఖుష్ మహల్ ముందు నిలబడి వినే రెండు వాదనలు

మధ్యకోటలో, స్వయంభూ శివాలయం శిథిలాలకు కొంచెం పడమరగా, బలిసిన గోడలతో పొడుగాటి హాలు ఒకటి ఉంది. గోడ అడుగున వెడల్పుగా ఉండి, పైకి పోతున్నకొద్దీ లోపలికి వాలుతుంది. లోపల ఎత్తైన కమానులు వరుసగా పోతాయి. పేరు ఖుష్ మహల్. ఎవరిదన్న ప్రశ్నకు ఎక్కువగా వినబడే జవాబు షితాబ్ ఖాన్. బహమనీల పట్టు సడలిన కాలంలో వరంగల్‌ను చేతిలోకి తెచ్చుకున్న స్థానిక ప్రభువు ఆయన, సీతాపతి అన్న పేరూ ఉంది. 1504 నాటి ఆయన శాసనం ఉంది. అయితే అది చెప్పేది పట్టణం గెలిచి దేవతామూర్తులను మళ్లీ ప్రతిష్ఠించిన సంగతి. ఆ కాలపు ఓరుగల్లులో పేరున్న పాలకుడు ఆయనే కాబట్టి మహల్ కూడా ఆయన ఖాతాలో పడింది.

రెండో వాదన కట్టడాన్ని చూసి చేసేది. ఈ వాలు గోడలు, ఈ కమానుల తీరు ఢిల్లీలో తుగ్లక్‌లు కట్టినవాటిని పోలి ఉన్నాయి. 1323లో ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఓరుగల్లును గెలిచాడు. పేరు సుల్తాన్‌పూర్‌గా మార్చారు. గెలిచిన పట్టణంలో దర్బారు జరుపుకోవడానికి హాలు కట్టుకోవడం సహజం. అలాగైతే ఇది 14వ శతాబ్దానిది, షితాబ్ ఖాన్ కంటే నూట డెబ్బై, నూట ఎనభై ఏళ్లు పాతది.

నాకు రెండోదే బలంగా కనబడుతుంది. గోడ ముందు నిలబడి చూస్తే ఆ వాలు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, కాకతీయుల పనిలోగానీ తర్వాతి దక్కనీ పనిలోగానీ అంత తేలిగ్గా దొరికేది కాదు. అయినా పాత కట్టడాన్ని తర్వాతి పాలకుడు వాడుకోవడం, బాగుచేయించుకోవడం మామూలే కదా. తుగ్లక్‌ల హాలులో షితాబ్ ఖాన్ కొలువు తీరి ఉండొచ్చు. జనం నోట ఆయన పేరు మిగలడానికి అది చాలు.

తోరణాల మీదా ఇలాంటి చర్చే. స్వయంభూ ఆలయం నేలమట్టమైంది. దాని నాలుగు దిక్కులా ఉన్న తోరణాలు మాత్రం నిలిచాయి. దగ్గరికెళ్లి తల పైకెత్తితే అడ్డదూలం కింద తలకిందులుగా వేలాడే తామర మొగ్గలు, రాతిలో చెక్కిన దండలు, మీద రెండు చివర్లా హంసలు, మకరాలు కనబడతాయి. దేవుడి బొమ్మ వెతికితే దొరకదు. విగ్రహాలు లేవు కాబట్టే గెలిచినవాళ్లు వీటిని ముట్టుకోలేదని ఒక వివరణ. గెలిచినవాళ్లు ఆ ప్రాంగణంలోనే మసీదు కట్టారు, రాజధాని నడిబొడ్డుకు గుర్తుగా ఉన్న నాలుగు ద్వారాలను తమ మసీదు ముంగిలికి హంగుగా కావాలనే ఉంచుకున్నారని ఇంకో వివరణ. ఈ రెండూ కొట్టుకునేవి కావు. మొదటిది ఎందుకు కూల్చలేదో చెప్తుంది, రెండోది ఎందుకు దాచుకున్నారో చెప్తుంది.

రుద్రమ, మార్కోపోలో, బయటివాళ్ల రాతలు

విదేశీ యాత్రికుడు రాశాడంటే మనకు గురి ఎక్కువ. 13వ శతాబ్దం చివర్లో మోటుపల్లి రేవు వైపు వచ్చిన మార్కోపోలో ఇక్కడి రాణి న్యాయపాలనను మెచ్చుకున్నాడు, ఆమె పోయిన రాజుగారి భార్య అని రాశాడు. కాకతీయుల శాసనాల ప్రకారం రుద్రమ గణపతిదేవుడి కూతురు. అక్కడితో ఆగితే మార్కోపోలోది పొరపాటు అని తేలిపోతుంది. ఇంకో మెలిక ఉంది. శాసనాల్లో ఆమె చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అని మగ పేరుతోనే కనబడుతుంది. ఆ పేర్లు చూసి ఆడమనిషి అని గుర్తుపట్టడం చదివేవాళ్లకే కష్టం. రేవులో దుబాసీల నోట విన్న వ్యాపారికి బంధుత్వం తారుమారైందంటే వింతేమీ లేదు. ఆడమనిషి పాలిస్తోంది, గట్టిగా పాలిస్తోంది అన్న సంగతి మాత్రం అతను సరిగానే విన్నాడు.

ఆమె ఎప్పుడు పోయిందన్నదానికి నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం ఆధారం. 1289 నవంబరులో ఆమెకూ, సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యంగా ఆయన బంటు ఒకడు భూమి ఇచ్చిన శాసనం అది. యుద్ధంలో పోయిందని నేరుగా రాసి లేదు. రాణి, సేనాని కలిసి పోయారు, ఇచ్చినవాడు సైనికుడు, తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో పోరు నడుస్తున్న కాలం. ఈ మూడూ కలిపి యుద్ధంలోనే పోయిందని చరిత్రకారులు అంటారు. గైడ్ చెప్పే 'రణరంగంలో నేలకొరిగింది' అన్న వాక్యం వెనక ఇంత అల్లిక ఉంది.

వీరగల్లు, దాని కింది అట్టముక్క

ఏ చిన్న మ్యూజియంకు పోయినా ఆరుబయట గోడకు ఆనించి నిలబెట్టిన వీరగల్లులు ఉంటాయి. ఊరి కోసం, పశువుల మంద కోసం పోరాడి చచ్చినవాడికి నిలిపిన రాయి వీరగల్లు. దీన్ని కింది నుంచి పైకి చదవాలి. కింది అంతస్తులో కత్తి ఎత్తినవాడు, ఎదుట గుర్రమో విలుకాళ్లో, ఒక్కోసారి ఆవులు. నడి అంతస్తులో వాణ్ని అటూ ఇటూ పట్టుకుని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. పై అంతస్తులో లింగం ముందు చేతులు జోడించి కూర్చున్నదీ వాడే. అన్నిటికంటే పైన సూర్యుడు, చంద్రుడు, అంటే అవి ఉన్నంతకాలం ఈ పేరు నిలవాలని. రాజుల శాసనాల్లో చోటు దొరకని మనిషికి ఇదొక్కటే జీవితచరిత్ర.

దాని కింద అట్టముక్క మీద 'వీరగల్లు, నల్లరాయి, 13వ శతాబ్దం' అని ఉంటుంది. ఏ ఊరి నుంచి వచ్చిందో ఉంటే మన అదృష్టం. పశువుల కోసం జరిగిన పోరా, ఊరి పొలిమేర గొడవా, పులితో తలపడ్డాడా అన్నది తెలియాలంటే అది నిలబడిన చోటు కావాలి. దొరికిన చోటు రాసి ఉన్నా మరో తంటా ఉంది. పాత పుస్తకాల్లో, పాత లేబుళ్ల మీద వరంగల్ జిల్లా అంటే 2016కు ముందున్న పెద్ద జిల్లా. అందులోంచి ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు, హనుమకొండ విడిపోయాయి. 'వరంగల్ జిల్లా పాలంపేట' అని చదివి ఇప్పటి వరంగల్ జిల్లా మ్యాపులో వెతికితే దొరకదు, అది ములుగులో ఉంది. ధూళికట్ట, పెద్దబంకూర్ పాత రాతల్లో కరీంనగర్, ఇప్పుడు పెద్దపల్లి.

అందుకే ఊళ్లో దొరికిన రాయిని ఊళ్లోనే ఉంచాలా, మ్యూజియంకు తేవాలా అన్న గొడవ ఎన్నటికీ తెగదు. ఊళ్లో ఉంటే పసుపు కుంకుమ పెట్టి పూజిస్తారు, దాని కథ బతికి ఉంటుంది. అదే ఊళ్లో ఎవరో నూనె, రంగు పూసి అక్షరాలు పూడ్చేస్తారు, గుప్తనిధుల పిచ్చోళ్లు రాత్రికి రాత్రి పగలగొడతారు, రోడ్డు వెడల్పులో జేసీబీ పక్కకు తోసేస్తుంది. మ్యూజియంకు తెస్తే రాయి భద్రం, ఊరితో బంధం తెగుతుంది. మా ఊరి దేవుణ్ని పట్టుకుపోయారని ఊరివాళ్లు అనే మాటలో న్యాయం లేకపోలేదు. ఎదుటివైపు పురావస్తు శాఖవాళ్లకు విరిగిన విగ్రహాల చిట్టా చాలా పొడుగే ఉంటుంది.

కొన్నిటిని తెద్దామన్నా రావు. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద పదో శతాబ్దంలో జినవల్లభుడు చెక్కించిన శాసనం అలాంటిది. ఈయన కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నాయి. తెలుగులో ఉన్నవి కంద పద్యాలు, అంటే నన్నయ కంటే ముందే ఇక్కడ కందం నడిచింది. తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు ఈ బండను సాక్ష్యానికి పిలిచారు. చుట్టూ గ్రానైట్ క్వారీలు నడిచే జిల్లాలో గుట్ట మీది రాతను కాపాడటమంటే గుట్టనే కాపాడటం.

నాణెం దొరికితే ఎవరిది?

కరీంనగర్ వైపు మ్యూజియం కథలో సగం శాతవాహనుల నాణేలది. పెద్దబంకూర్‌లో ఇరవై రెండు వేలకు పైగా నాణేలు బయటపడ్డాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో కొన్ని తవ్వకాల్లో, కొన్ని ఊరివాళ్లు నేల మీద ఏరగా దొరికాయి. వాటిలో గోబద, నారన, కంవాయ, సమగోప వంటి ఎవరూ వినని రాజుల పేర్లున్నాయి. పురాణాలు శాతవాహనుల మొదటి రాజుగా చెప్పే సిముకుడి నాణేలూ ఉన్నాయి. ఇక్కడ ఏకంగా వంశం పుట్టుక గురించే వాదన లేస్తుంది. తొలి రాజు నాణేలు ఇక్కడ దొరికాయి కాబట్టి శాతవాహనులు తెలంగాణలోనే మొదలయ్యారని ఒక పక్షం. నాణేలు చేతులు మారుతూ తిరుగుతాయి, వాళ్ల తొలి శాసనాలు నానేఘాట్, నాసిక్ వైపున్నాయి, కాబట్టి మహారాష్ట్రే అని ఇంకో పక్షం. ఒకే చోట, ఇన్ని రకాలు, స్థానిక రాజుల వెంటే వరసగా దొరకడం మొదటి పక్షానికి బలం. శాసనాలు కదిలి రావన్నది రెండో పక్షానికి బలం. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు కోటిలింగాల పాత దిబ్బల్లో కొంత భాగాన్ని ముంచాయి, కొత్త ఆధారం తవ్వి తీయడం ఇప్పుడు అంత తేలిక కాదు.

చట్టం సంగతికి వస్తే, భూమిలో దొరికిన విలువైన దేనికైనా 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ఒక రైతు దుక్కిలో వెండి నాణేల కుండ దొరికిందనుకుందాం, లోహం విలువ లక్ష రూపాయలని లెక్కతేలింది. ప్రభుత్వం దాన్ని తీసుకోవాలనుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి, అంటే లక్షా ఇరవై వేలు, హక్కుదారులకు ఇవ్వాలి. చెప్పకుండా దాచినా, అమ్మినా శిక్ష. చట్టం మంచిదేనని కొందరు, లోహం విలువ కట్టడం వల్లే జనం కంసాలి దగ్గరికి పరుగెత్తుతున్నారని కొందరు అంటారు. చరిత్ర దృష్టితో చూస్తే వెండి లక్ష కాదు, కుండ ఏ లోతులో, దేని పక్కన ఉందన్నదే అసలు సరుకు. దానికి వెల కట్టే పద్ధతి ఆ చట్టంలో లేదు.

శాసనానికి ఎక్కని చరిత్ర

మేడారం కథ అందరికీ తెలుసు. కరువులో కప్పం కట్టలేమన్న కోయలపై కాకతీయ ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు, సమ్మక్క, సారలమ్మ పోరాడారు. కాకతీయ శాసనాల్లో ఈ యుద్ధం కనబడదు. కనబడదు కాబట్టి జరగలేదు అనేవాళ్లున్నారు. కానీ శాసనం ఎందుకు వేస్తారో గుర్తుచేసుకోవాలి: దానానికి, గెలుపుకు, పొగడ్తకు. అడవిలో కప్పం ఎగ్గొట్టినవాళ్లతో చిన్న పోరును రాతికెక్కించే అవసరం ఏ రాజుకూ ఉండదు. అలాగని కథలోని ప్రతి ముక్కా జరిగినట్టే జరిగిందనీ చెప్పలేం. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వనం నుంచి గద్దెకు దేవత వచ్చే ఈ జాతరలో కథ పెరుగుతుంది, మారుతుంది. కోయల్లో డోలీలనే పాటగాళ్లు పడిగె విప్పి, గుడ్డ మీది బొమ్మలు చూపుతూ వంశాల కథ పాడతారు. ఆ పడిగె కూడా పత్రమే. దాన్ని అద్దాల బీరువాలో పెడితే బొమ్మ మిగులుతుంది, పాట పోతుంది. గిరిజన మ్యూజియంలు తలపట్టుకునే సమస్య ఇదే.

జోడేఘాట్‌ది ఇంకా దగ్గరి కాలం. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో కుమ్రం భీం చనిపోయాడు. సర్కారు కాగితాల్లో అది శాంతిభద్రతల వ్యవహారం, గోండుల పాటల్లో జల్, జంగల్, జమీన్ కోసం చేసిన పోరు. ఇక్కడ గైడ్ ఊరివాడే అయితే, అతను చెప్పేది విన్నమాట కాదు, ఇంట్లో నడిచొచ్చిన మాట. బయటి పరిశోధకుడు తేదీలు సరిచేయగలడు. ఆ భూమి ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పగలిగేది వాళ్లే.

సొరంగం కథను మాత్రం ఈ వరుసలో కలపలేం. మెట్లబావుల పక్క గదులు, మూసుకుపోయిన తూములు, కోటలో పూడిన దారులు చూసి పుట్టి ఉండొచ్చు. శివనగర్ మెట్లబావి లోపలికి దిగి చూస్తే అలాంటి కథ ఎందుకు పుడుతుందో అర్థమవుతుంది. ఇన్నేళ్లలో ఆ సొరంగాన్ని తవ్వి చూపినవాళ్లు మాత్రం లేరు.

గుడి ఒకరిది, గోడ ఒకరిది, ఇల్లు ఇంకొకరిది

వాక్‌లో తరచూ వచ్చే ప్రశ్న, ఇంత గొప్ప చోటును ఎందుకు ఇలా వదిలేశారని. దానికి ముందు ఎవరిదో తెలియాలి. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప కేంద్ర పురావస్తు శాఖవి. భద్రకాళి గుడి దేవాదాయ శాఖది. కేంద్రం జాబితాలో లేని పాత కట్టడాల్లో రక్షితమైనవి రాష్ట్ర వారసత్వ శాఖవి. మిగతావి ఊరివి, అంటే ఎవరూ పట్టించుకోకపోతే ఎవరివీ కావు. పద్మాక్షి గుట్టనే చూడండి. 1117 నాటి శాసనం అక్కడి బసది, అంటే జైన గుడి గురించి చెప్తుంది, ఇప్పుడు అక్కడ అమ్మవారి పూజ జరుగుతుంది, కింద గుండంలో బతుకమ్మలు తేలతాయి. ఒకే గుట్ట చరిత్రకారుడికి జైనుల ఆనవాలు, ఆడబిడ్డలకు పండుగ చోటు.

రక్షిత కట్టడం చుట్టూ, పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత నియమం గట్టిపడింది. హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు అనుమతితోనే. పొలం మధ్య ఒంటరిగా ఉన్న గుడికి ఇది ఇబ్బంది కాదు. ఓరుగల్లు కోట లోపల మాత్రం మధ్యకోట, తూర్పుకోట, పడమరకోట అని జనం తరతరాలుగా ఉంటున్న వాడలున్నాయి. రాతికోట, మట్టికోట మధ్య ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. కొడుకు పెళ్లికి పైన ఒక గది వేసుకుందామంటే కుదరదు. అనుమతి లేకుండా వేస్తే నోటీసు. మేం ఉన్నాం కాబట్టే కోట కబ్జా కాకుండా మిగిలిందని వాళ్లంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో గది ఒప్పుకుంటే పదేళ్లలో మట్టికోట కనబడదని శాఖవాళ్లంటారు. ప్రతి కట్టడానికీ దాని చుట్టుపక్కలను బట్టి విడిగా ఉపనియమాలు రాయాలని అదే చట్టం చెప్పింది. అవి దేశంలో చాలా కట్టడాలకు ఇంకా రాలేదు. అవి వచ్చేదాకా బయలు మధ్యనున్న మండపానికీ, వాడల మధ్యనున్న కోటగోడకూ ఒకే 100 మీటర్ల టేపు వర్తిస్తుంది.